మొదటి గుటక

"ఈయనెవరు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

నీటి శుద్ధి కేంద్రంలో కొత్తగా చేరిన కెమిస్టుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అడిగింది వాచ్‌మన్‌నే అయినా, ఆమె చూపు కొళాయి దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన మీద ఉంది.

మరకల చొక్కా, అరిగిన చెప్పులు, మాసిన గడ్డం.

రోజూ వస్తాడని వాచ్‌మన్ నసిగాడు. ఊరికి నీళ్లు వదిలే ముందు, సరిగ్గా ఆరింటికి వచ్చి ఒక్క గ్లాసు తాగి పోతాడు. ఎవరో, ఎక్కడివాడో తెలీదు. తనకి ముందున్న వాచ్‌మన్ కూడా రానిచ్చేవాడట.

రోజూ వచ్చి నీళ్లు తాగి పోవడానికి ఇదేమన్నా అత్తగారిల్లా అని ఆమె గయ్యిమంది.

పెద్దాయన గ్లాసు ఎత్తాడు. నీళ్లు నోట్లో ఓసారి తిప్పి మింగి, బాగున్నాయి తల్లీ అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ మెచ్చుకోలుకి ఆమె ఒళ్లు ఇంకా మండింది. బాగున్నాయో లేదో చెప్పాల్సింది తన మీటర్లు. మధ్యలో ఈయనెవరు?

ఆ మీటర్లంటే ఆమెకి ప్రాణం. నీటి మురికికి ఒకటి, ఆమ్లగుణానికి ఒకటి, క్లోరిన్‌కి ఒకటి. రోజూ తన చేత్తోనే సరిచేసుకుంటుంది, ఇంకొకరిని తాకనివ్వదు. గర్వమే, కాదనను. పని వచ్చినవాళ్లకి ఆ మాత్రం ఉండొద్దూ?

బయటివాళ్లు లోపలికి రాకూడదని ఆ రోజే నోటీసు అంటించింది.

పెద్దాయన మాత్రం రావడం మానలేదు. గేటు బయట నిలబడేవాడు. వాచ్‌మన్ ఆమె కన్నుగప్పి ఊచల సందులోంచి గ్లాసు అందించేవాడు.

అలా వారం గడిచింది.

ఆ పొద్దున ఏటి నీళ్లు ఏదోలా వాసనేస్తున్నాయని ఆపరేటరు చెప్పాడు. వాసన వస్తే కాస్త క్లోరిన్ పెంచెయ్యడం అక్కడి అలవాటు. ఆమె కూడా అదే చేయించింది. మీటర్లు చూసుకుంది. ముళ్లు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి.

ఆరింటికి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన నీళ్లు ఉమ్మేశాడట, ఊరికి వదలొద్దంటున్నాడట.

ఆమె విసవిసా గేటు దాకా నడిచింది.

పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆసుపత్రిలో నేల తుడిచే మందు వాసనమ్మా. ఆపెయ్యండి."

ఆమె గ్లాసు లాక్కుని ఓ చుక్క నాలుక మీద వేసుకుంది. ఏమీ తెలియలేదు. రోజంతా క్లోరిన్ పీల్చే ముక్కుకి ఏం తెలుస్తుంది?

"నా మీటర్లన్నీ సరిగ్గానే ఉన్నాయండీ."

"ఉంటాయమ్మా. దీనికి మీ దగ్గర మీటరు లేదు కదా."

నిజంగానే లేదు మరి.

అప్పుడు చదువుకున్నది గుర్తొచ్చింది. ఫినాల్. ఉత్త నీళ్లలో కాస్త కలిస్తే నాలుకకి దొరకదు. క్లోరిన్ తగిలిందంటే మాత్రం మందు కంపు కొడుతుంది. ఎంత కలిసిందో ఎవరికి తెలుసు? ఎక్కువైతే చేపల మొప్పలు దెబ్బతింటాయి. మనుషుల పేగులేమైనా ఇనుముతో చేశారా?

ఇంకో పావుగంటలో ఊరికి నీళ్లు వదలాలి. ఉత్తపుణ్యానికి ఆపితే ఉద్యోగం ఊడుతుంది. వదిలితే ఊళ్లో పసిపిల్లల దగ్గర్నుంచి అందరూ తాగుతారు.

దారిన పోయే మనిషి నాలుకని నమ్మి, ప్రాణంలాంటి మీటర్లని పక్కనపెట్టి, ఆపెయ్యమంది.

తిరిగి చూసేసరికి పెద్దాయన లేడు. ఏటి ఎగువకి పోయే రోడ్డు మీద ఆదరాబాదరా వెళ్లిపోతున్నాడు. చెప్పిందేదో చెప్పేసి జారుకున్నాడు అనుకుంది.

ఫోన్లు మోగిపోయాయి. పైఅధికారి చెడామడా తిట్టాడు. పదింటికల్లా ఏట్లో చేపలు వెల్లకిలా తేలాయి. పన్నెండింటికి పెద్ద ల్యాబ్ నుంచి కబురొచ్చింది, ఫినాలేనని. తిట్టిన నోటితోనే అధికారి శభాష్ అన్నాడు. ఆ శభాష్ తనది కాదనీ, ఒక పెద్దాయనదనీ ఆమె అందరికీ గొప్పగా చెప్పింది. పేరడిగితే చెప్పలేకపోయింది. రేపు ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురావాలి, అందరి ముందూ క్షమాపణ అడగాలి అనుకుంది.

ముందు ఇంకో పని ఉంది. ఎగువన ఫినాల్ వాడేది ఒక్కటే ఫ్యాక్టరీ, ప్లైవుడ్‌కి జిగురు తయారుచేసేది. తనిఖీవాళ్లతో జీపెక్కింది. ఆ యజమానిని దులిపెయ్యడానికి దారంతా మాటలు కూడబలుక్కుంది.

తీరా వెళ్తే గేటుకి తాళం. బయట ఫోర్‌మన్ ఒక్కడే తాళంచెవి, ఓ కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

ఏ పైపు పగిలిందో, ఎంత సరుకు ఏట్లో కలిసిందో కాగితంలో పూసగుచ్చినట్టు రాసి ఉంది. తప్పు నాది అని కింద యజమాని సంతకం. బుకాయిస్తారని వచ్చిన తనిఖీవాళ్లు నోరెళ్లబెట్టారు.

యజమానితో మాట్లాడాలంది ఆమె.

తనంతట తనే పోలీసుల దగ్గరికి వెళ్లారనీ, ఫ్యాక్టరీ ఇక తెరవనన్నారనీ ఫోర్‌మన్ చెప్పాడు. పొద్దున ఏడింటికే వచ్చి వాల్వు కట్టేశారట.

"మధ్యాహ్నం దాకా మాకే రూఢి కాలేదు. ఏడింటికే ఆయనకెలా తెలిసింది?"

ఫోర్‌మన్ తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఫ్యాక్టరీ పెట్టిన రోజు నుంచీ మా అయ్యగారు ఊరికంటే ముందు మీ నీళ్లు తాగి వచ్చాకే ఇక్కడ మిషన్లు వేయనిస్తారండీ, ఈ వారం రోజులూ గేటు బయట నిలబడైనా సరే."