ఎండ మిగిలిన మేడ

పెద్దాపురంలో సోలార్ ప్యానెళ్లు లేని మేడ నూకరత్నానిది ఒక్కటే మిగిలింది. మిగతా మేడల మీద ప్యానెళ్లపై చాప పరిచినా కరెంటు తగ్గిందని మీటరు పసిగట్టి సబ్సిడీ ఆపేస్తుంది. అందుకే వేసవిలో వీధి వీధంతా మాగాయ ముక్కలు ఆమె దగ్గరే ఎండబెట్టించుకుంటుంది. ఆ కూలితోనే ఆమెకు ఏడాది గడుస్తుంది.

సోలార్ ఆఫీసు నుంచి వీర్రాజు దరఖాస్తుతో వచ్చాడు.

"పిన్నిగారూ, ఈసారి ఖర్చంతా గవర్నమెంటుదేనండి. మీరొక్కరు సంతకం పెడితే ఊరు పూర్తయిపోద్ది, నాకు ప్రమోషనొస్తాది."

"మరి నేనేం తినాలి అబ్బాయ్, కరెంటా?"

వీర్రాజు చేతిసంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆ చేతిసంచిలో ఏంటి?"

"మా ఆవిడ పంపిందండి. మాగాయ ముక్కలు. రెండెండలు తగిలితే చాలంట."

"అయితే నిలబడ్డావేం? పైకెళ్లి చాప పరుచు."

వీర్రాజు దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు.