ఇంటిచూపులు

ఆదివారం రెండింటికి ఇంకా పది నిమిషాలుండగానే మూడో అంతస్తు మెట్ల మీద పద్నాలుగు మంది చేరారు. హెల్సింకీ నగరంలో, కల్లియో పేటలో రెండు గదుల ఇల్లు అమ్మకానికి వస్తే అంతే. అందరికంటే కింది మెట్టు మీద ఓత్సో, తైమి నిలబడ్డారు.

కొత్తగా పెళ్లైన జంట. ఇద్దరిదీ ఉత్తరాన కెమియార్వి అనే చిన్న ఊరు. హెల్సింకీ వచ్చి పద్నాలుగు నెలలు. మొదట ఉన్నది నేలమాళిగలో. రెండో చోట వాళ్ల మంచం మీద ఇంటావిడ కుక్కకి కూడా వాటా ఉండేది. ఇప్పుడు ఉంటున్నది మూడోది. అందుకే ఈ ఇంటిని మాత్రం ఎలాగైనా చేజారనివ్వకూడదని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నారు.

చిక్కల్లా ఒకటే. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ఓత్సోకి నోరు పెగలదు. వాళ్ల ఊళ్లో ఆ అవసరం ఎప్పుడూ పడలేదు. అందుకని మాటల సంగతి తైమి చూసుకోవాలనీ, ఓత్సో పక్కన నిలబడి నిట్టూర్చాలనీ అనుకున్నారు.

ఇళ్లు అమ్మిపెట్టే యార్మో తలుపు తీశాడు. బూట్ల మీద తొడుక్కోవడానికి అందరికీ నీలం ప్లాస్టిక్ సంచులు పంచాడు. ఓత్సో మాత్రం బూట్లు విప్పి తలుపు వెనకాల సర్దాడు. లోపల సామానుంది. గోడలకి మేకులున్నాయి, ఫోటోలు లేవు. స్నానాలగది తలుపు యార్మో ఎంత లాగినా రాలేదు. తైమి కాస్త పైకెత్తి మోకాలితో నెట్టింది. వచ్చేసింది.

"వెలుతురు చూడండి," అన్నాడు యార్మో చెమట తుడుచుకుంటూ.

తైమి ముందుగా చంటిపిల్లతో వచ్చిన జంట పక్కన చేరింది. పై ఇంటాయనకి స్కీయింగ్ పిచ్చనీ, మంచు లేనప్పుడు చక్రాల స్కీలు కట్టుకుని ఇంట్లోనే తిరుగుతాడనీ చెప్పింది. ఐదింటికే మొదలుపెడతాడట. మంచివాడేనట, ఆదివారాలు మాత్రం ఏడు దాకా ఆగుతాడట.

ఆ జంట పైకప్పు వంక చూసింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఓత్సో నిట్టూర్చాడు. ఎన్నో రాత్రులు నిద్రలేనివాడి నిట్టూర్పు. వాళ్లు పిల్లనెత్తుకుని వెళ్లిపోయారు.

తర్వాత ఒక లెక్కల మాస్టారు. తొమ్మిదో నంబరు ట్రామ్ వెళ్లినప్పుడల్లా మంచం బెత్తెడు జరుగుతుందని, నెలాఖరుకి వంటింట్లో నిద్ర లేస్తామని తైమి ఆయనకి చెప్పింది. ఆయన మంచానికీ వంటింటికీ మధ్య దూరం కళ్లతోనే కొలిచి, ఏదో గుణించి, లెక్క సరిపోయిందన్నట్టు తలూపి దిగిపోయాడు.

మిగిలినవాళ్లకి కింద ఉన్న ఉమ్మడి ఆవిరిస్నానాల గది సంగతి చెప్పింది. ఈ ఇంటి వంతు గురువారం తెల్లవారుజామున నాలుగింటికట. ఆ వేళకే భవన సంఘం మీటింగు కూడా అందులోనే పెడతారట. అంతవరకూ ఎవరూ కదల్లేదు. మీటింగులో ప్రతివాళ్లూ విధిగా మాట్లాడాలట అనగానే ఏడుగురు ఒకేసారి మెట్లు దిగారు.

రెండున్నరకి మిగిలింది ఒక్క హిల్కా గారే. ఎనభై దాటిన మనిషి. నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో కర్ర.

తైమి స్కీల కథ మళ్లీ మొదలుపెట్టింది.

"ఓస్, అంతేనా. మా ఆయన పదకొండేళ్లు వంటింట్లో పడవ కట్టాడమ్మాయ్. బయటికి తీయడానికి గోడ పగలగొట్టాం."

"మంచం కూడా నడుస్తుందట మామ్మగారూ."

"మంచిదేగా. కింద ఊడవడానికి వీలు."

ఓత్సో తన శక్తికొద్దీ నిట్టూర్చాడు. ఆవిడ సంచిలోంచి దగ్గు బిళ్ల తీసి చేతిలో పెట్టింది. తర్వాత యార్మో వైపు తిరిగి, కొంటున్నానని చెప్పింది.

తైమి కుర్చీలో కూలబడింది. ఈసారి ఓత్సో నిట్టూర్చిన సంగతి అతనికే తెలియదు.

హిల్కా గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. దిగులెందుకని అడిగింది. తనకి లాహ్తిలో సొంత ఇల్లుందనీ, ఇది అద్దెకివ్వడానికే కొంటున్నాననీ చెప్పింది.

"ఇన్ని బాధలు తెలిసీ ఈ ఇంటికోసం చివరిదాకా నిలబడ్డారు. మీకంటే తగినవాళ్లు నాకెక్కడ దొరుకుతారు? మీకే ఇస్తాను."

యార్మో గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో ఇప్పటికే అద్దెవాళ్లున్నారని, ఈ సామాను వాళ్లదేనని చెప్పాడు. వాళ్లని తను చూడలేదు. ఈ గంటసేపు బయటికి వెళ్లమని ఇంటాయన కబురు పెడితే, కిక్కురుమనకుండా వెళ్లారట.

"ఎప్పుడైనా ఫిర్యాదు చేశారా?"

"ఒక్కటి కూడా లేదండి."

"పైన స్కీలు, కింద ట్రాము, తెల్లారకుండా మీటింగు. ఇన్నుండి నోరెత్తలేదంటే ఎంత గుట్టుగాళ్లో. అలాంటి దొంగమొహాలు నాకొద్దు. పంపించెయ్ నాయనా, వీళ్లని పెట్టుకుందాం."

పాపం, వాళ్లు మంచివాళ్లేనేమోనని తైమి సన్నగా అంది.

"జాలిపడకమ్మాయ్. ఇంత పెద్ద ఊళ్లో జాలిపడుతూ కూచుంటే తలదాచుకోవడానికి చోటు దొరకదు."

యార్మో కాగితం తీశాడు. అద్దెవాళ్లకి మూడు నెలల గడువిచ్చి రేపే ఉత్తరం పంపిస్తానన్నాడు. ఒప్పందం ఎక్కడికి పంపాలో రాసుకోవడానికి, ఇప్పుడు మీరుంటున్న చిరునామా చెప్పమని ఆ ఇద్దర్నీ అడిగాడు.

తైమి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజు మొట్టమొదటిసారి నోరు విప్పి, "ఇదేనండి," అన్నాడు ఓత్సో, "ఆ దొంగమొహాలం మేమే."