పదికి ఏడు మార్కులు

ఆఫీసు తలుపు దగ్గరి మిషను, కార్డు మూడుసార్లు గీకితే గానీ మనిషిని నమ్మదు.

ఆ జబ్బు దానికి టీం లీడర్ నుంచే అంటుకుందని టీంలో ఆరుగురి గట్టి అభిప్రాయం. ఇంట్లో ఫ్రిజ్‌కి తాళం వేసి, పడిందో లేదో మళ్ళీ లాగి చూసుకునే మనిషి ఆయన.

వాళ్ళ పని చెప్పుకోవడానికి చిన్నదే. కంప్యూటర్లని నడిపే లినక్స్‌లో రకాలు బోలెడు. సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా ఒక్కో రకానికి ఒక్కోలా మూట కట్టాలి. ఆ మూటలు కట్టే టూల్ వీళ్ళది. ఏ రకానికి ఆ ప్లగిన్, అంటే చిన్న ప్రోగ్రాం ముక్క, దానికి తగిలిస్తే చాలు.

ప్లగిన్ ఎవరైనా రాసి ఇవ్వచ్చని వెబ్‌సైట్‌లో పెట్టింది లీడరే. ఎవరూ రారన్న ధీమాతో.

ఒకాయన వచ్చాడు.

గుడ్డసంచీ, అరిగిన చెప్పులు. శుక్రవారం లైబ్రరీల వాళ్ళకి టూల్ చూపించాలి; వాళ్ళు వాడే లినక్స్ రకానికే ప్లగిన్ రాసి తెచ్చాడు. వాళ్ళకి నచ్చితే నాలుగు వందల కంప్యూటర్ల పని. నచ్చకపోతే టీం ఎత్తేస్తారు.

"ఎంత కావాలి?" అన్నాడు లీడర్.

"ఏమీ వద్దండీ."

అక్కడే అనుమానం మొదలైంది.

ఊరికే ఇచ్చేవాడు లోపల ఏదో దొంగదారి పెట్టే ఉంటాడు. ఎవరు పంపారని అడిగాడు. సంచీ విప్పించాడు. గొడుగు బయటపడింది. వాన లేని రోజు గొడుగెందుకని అదో అనుమానం.

చివరికి ఆ లినక్స్ మీదే పది ప్రశ్నల పరీక్ష పెట్టాడు. జవాబులు ఆ లినక్స్‌తో పాటు వచ్చే గైడుతో పోల్చి, ఎర్ర పెన్నుతో మూడు కొట్టేశాడు.

"కొత్తది ఎక్కించేటప్పుడు పాత సెట్టింగులు ముట్టుకోకూడదని రాశారు. చెరిపేయమని గైడులో ఉంది."

"గైడు పాతదండీ. తీరిక చేసుకుని దిద్దాలి."

"గైడుకే వంకలా? ఏడు మార్కులు. మాకు తొమ్మిది కావాలి."

ఆయన కాగితం మడిచి సంచీలో పెట్టుకున్నాడు. "ఏడంటే మా ఇంట్లో సంతోషిస్తారు లెండి" అని వెళ్ళిపోయాడు.

ఈ ఘనకార్యం విని లీడర్ భార్య, "ఆ పరీక్ష మీరు రాస్తే ఎన్నొచ్చేవి?" అంది. ఆయన వెళ్ళి ఫ్రిజ్ తాళం లాగి చూసుకున్నాడు.

ప్లగిన్ తనే రాశాడు. గైడు పక్కన పెట్టుకుని, పొల్లుపోకుండా.

శుక్రవారం లైబ్రరీ ఆవిడ తెచ్చిన కంప్యూటర్‌లో మూట విప్పగానే పాత సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అది ప్రింటర్‌నీ, నెట్‌నీ, చివరికి ఆవిడనీ గుర్తుపట్టలేదు.

"గైడు చూసి రాశారా?" అంది ఆవిడ లేస్తూ. "మేం దాన్ని నమ్మడం మానేసి రెండేళ్ళయింది. ఏదొచ్చినా ఆయన్నే అడుగుతాం. ఊరికే చెప్తారు. నిన్న ఇంకో టూల్ వాళ్ళకి ప్లగిన్ కూడా ఇచ్చారట, మేమిక దాన్నే తీసుకుంటాం."

"ఎవరాయన?"

"గైడు చివర ఫొటో ఉందిగా."

లీడర్ చివరి పేజీ దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళాడు. ఫొటోలో కూడా గొడుగు చేతిలోనే ఉంది.

మర్నాడు పొద్దుటి నుంచీ లీడర్ ముందు తెల్లకాగితం అలాగే ఉంది: ఆ లినక్స్‌ని పుట్టించిన మనిషికి దాని మీదే పదికి ఏడు వేసినవాడు క్షమాపణ ఉత్తరం ఏమని మొదలుపెట్టాలో, తెలిసినవాళ్ళెవరైనా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.