ఈరప్ప మోకాలు

"మీ మోకాలికి ఏ రోగం లేదు ఈరప్పా," అంది సౌభాగ్య, చేతిలోని ఆయన దవాఖాన కార్డును బల్ల మీద కొట్టి. "వరండాల గొంతుక్కూసొని చాయ్ తాగుతుంటె నా కండ్లతోని చూసిన. మోకాలు నొప్పి ఉన్నోల్లు అట్ల కూసుంటరా?"

కరెంటు ప్లాంటు కాలనీ దవాఖానలో ఆమె ఫిజియోథెరపీ డాక్టరు. ఈరప్ప బొగ్గు యార్డులో పనిచేస్తాడు, వయసు యాభై ఆరు. ఉరికితే ఎడమ మోకాలు పట్టేస్తోందంటూ ఎనిమిది వారాలుగా ప్రతి మంగళవారం వచ్చి మంచమెక్కుతున్నాడు.

"చాయ్ తాగంగ ఏం కాదమ్మా. ఉరికితెనే లేస్తది నొప్పి."

"ఈ వయసుల ఎక్కడికి ఉరుకుతరు?"

"ప్లాంటు ఆటల పోటీల ముసలోల్ల పరుగు పెడుతరు గద. వచ్చే నెల ఇరవై తారీఖు."

సౌభాగ్యకు ఒళ్ళు మండిపోయింది. బయట నడుము పట్టేసిన ముసలమ్మ ఒకామె గంట నుంచి మూలుగుతూ కూర్చుని ఉంది. ఈయనకేమో పరుగులో గెలిచి స్టీలు డబ్బా పట్టుకుపోవాలట. అదైనా నిజమా అంటే, అదీ కాదు. బొగ్గు దుమ్ము తప్పించుకుని తేలిక పని, అదే హల్కా డ్యూటీ, వేయించుకోవడానికి మోకాళ్ళు చూపించేవాళ్ళు ఆమెకు కొత్త కాదు. కానీ వాళ్ళెవరూ ఈయనంత నాటకమాడలేదు. కాలు ఎంత ఎత్తాలి, ఎంతసేపు ఆపాలి, గోడకు ఆనుకుని ఎంత కిందికి దిగాలి, అన్నీ గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఆమె కూడా పిచ్చిదానిలా ఓపిగ్గా చెప్పింది.

"పండుకోండ్రి. చూస్త."

ఈరప్ప పడుకున్నాడు. ఆమె మోకాలిచిప్ప మీద బొటనవేలు పెట్టి నొక్కింది.

"అబ్బా, సచ్చిన తల్లీ."

"ఇది కుడికాలు ఈరప్పా."

ఆయన లేచి కూర్చున్నాడు. పట్టుబడ్డానన్న సిగ్గయినా లేదు ముఖంలో, గోడ మీది గడియారం వైపు చూస్తున్నాడు. అది చూసి ఆమెకు కోపం ఇంకా పెరిగింది.

"రెండు నెలల సంది నన్ను పాగల్‌ను చేసిండ్రు. కార్డు మీద ఫిట్ అని రాస్తున్న. ఇగ ఈ గడప తొక్కొద్దు. మీ ఆఫీసరుకు గుడ చిట్టీ రాస్త."

"రాయుండ్రి అమ్మా. నాకు హల్కా డ్యూటీ అక్కర లేదు. ఆఫీసరు ఏమన్న అననీ, పడుత." ఈరప్ప చేతులు జోడించాడు. "ఆఖరి పాఠం ఒక్కటి చెప్పుండ్రి. నడకల నుంచి ఉరుకుడుకు ఎట్ల పోవాలె? అది తెల్వకుంటె ఇన్నాల్ల కసరత్తు మట్టిల కలుస్తది."

ఎంత మొండిమనిషి. అబద్ధం బయటపడ్డాక కూడా పాఠం కావాలట. చెప్పకపోతే కదిలేలా లేడని, పళ్ళు కొరుక్కుంటూనే చెప్పింది.

"మూడు నిమిషాలు నడువాలె. ఒక్క నిమిషం మెల్లగ ఉరకాలె. గట్ల ఆరుసార్లు. దినం విడిచి దినం. తెల్లారి మోకాలు ఉబ్బితె మల్ల ఉత్త నడకనే. ఇగ పోండ్రి."

ఈరప్ప అదంతా పెదవుల్లో ఒకసారి చెప్పుకున్నాడు. దండం పెట్టి గబగబా వెళ్ళిపోయాడు. కనీసం కుంటనైనా లేదు.

కార్డు బల్ల మీదే మరిచిపోయాడు. దాన్ని మొహాన కొట్టి వద్దామని సౌభాగ్య వెంటే బయలుదేరింది. గేటు దాటగానే ఆయన గొంతు వినబడింది.

కాంపౌండు గోడ పక్కన ఈరప్ప కొంచెం నడిచి, కొంచెం మెల్లగా ఉరికి, మళ్ళీ నడిచి చూపిస్తున్నాడు. ఎదురుగా రాతి బెంచీ మీద, చుడీదారు కింద పరుగు బూట్లు తొడుక్కుని, ఎడమ మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక పిల్ల కూర్చుని ఉంది.

"మామా, తెల్లారి ఉబ్బితే?"

"ఉబ్బితె ఉత్త నడకనే స్ఫూర్తీ. పోలీసు పరుగు వచ్చే నెల ఇరవైకి గద, భయపడకు. డాక్టరమ్మ చెప్పినట్ల చేస్తె నౌకరీ నీదే."

సౌభాగ్య అడుగు పడలేదు. ఆ పిల్ల ముఖం ఆమెకు తెలుసు. రెండు నెలల కిందట కుంటుకుంటూ వచ్చి మోకాలు చూపించబోతే, కోడళ్ళకు ఈ కార్డు చెల్లదని తలుపు దగ్గరి నుంచే తిప్పి పంపింది తనే.