నల్లసిరాలో ఎర్రముద్ర

ఆ ఎర్రముద్ర తాను వెయ్యలేదని శ్రీవాణికి బాగా తెలుసు.

తెలిసినా నోరు విప్పలేదు. ఎలా విప్పుతుంది? వారం రోజులుగా మస్కట్‌లో, ఖురం పేటలోని ఆ హాల్లో ఆమె బొమ్మలు గోడలకు వేలాడుతున్నాయి. చైనా సిరాతో, చైనా కుంచెతో వేసిన నేటి ఆడవాళ్ల బొమ్మలు. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే అమ్మాయి. హెల్మెట్ పెట్టుకుని మేస్త్రీని తిడుతున్న ఇంజనీరమ్మ. ఎయిర్‌పోర్టులో నోరు తెరిచి నిద్రపోతున్న ఆఫీసరమ్మ. జనం వచ్చారు, సెల్ఫీలు దిగారు, టీ తాగారు, వెళ్లారు. ఒక్కరూ ఒక్క బొమ్మా కొనలేదు.

"ఒక్కటైనా అమ్ముడుపోకపోతే కుంచెలన్నీ కట్టగట్టి పారేస్తాను" అని మొగుడి దగ్గర శపథం చేసింది. ఆయన వద్దనలేదు. అదీ ఆమె మంట.

రోజూ సాయంత్రం వచ్చే శ్రీవాణి, ఆఖరి రోజు కదా అని మధ్యాహ్నం మూడింటికే వచ్చింది. వచ్చేసరికి లిఫ్టు బొమ్మ ముందు జనం మూగి ఉన్నారు.

లిఫ్టులో ఫోను చూసుకుంటున్న అమ్మాయి బొమ్మ అది. వెనకనుంచి వేసింది. మొహం కనపడదు. విరబోసుకున్న జుట్టే సగం బొమ్మ, కారునలుపు. ఆ నలుపు మీద గోరంత ఎర్రముద్ర.

చైనా పద్ధతిలో బొమ్మ వేసినవాళ్లు ఎర్రగా ఒక ముద్ర కొడతారు. శ్రీవాణి కొట్టిన ముద్ర కింద మూలన, ఉండాల్సిన చోటే ఉంది. మరి ఇదెక్కడిది?

"అద్భుతం శ్రీవాణీ!" అంది ఆశ. ఆవిడ మస్కట్‌లోని తెలుగువాళ్ల పత్రికకు కళావిమర్శకురాలు. బొమ్మ వెయ్యడం రాదుగాని, వేసినవాళ్లకు దాని అర్థం చెప్పడం వచ్చు. "ఇంత నలుపులో ఒక్క ఎరుపు! నేటి స్త్రీ గుండెలో రగిలే నిప్పు. అవునా?"

"అవునండీ" అంది శ్రీవాణి.

"పైగా కాగితం మీద ఉన్నట్టే లేదు. గాల్లో తేలుతోంది. దగ్గరికొచ్చి చూడండి, వెనక నీడ కూడా పడుతోంది! ఈ పనితనం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"అదలా... సాధనలో వచ్చేసిందండీ."

పక్కనే ఫయాజ్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. మస్కట్‌లో హోటళ్లకు లోపలి అలంకరణ చేయించే కంట్రాక్టరు. కొత్త హోటలు గోడకు ఒక బొమ్మ కావాలని తిరుగుతున్నాడు.

"మేడమ్, మొన్న పొద్దున నేనొచ్చినప్పుడు ఈ ఎర్రది కిందుండె కదా? భుజం కాడ. ఇప్పుడు చెవి కాడికొచ్చింది."

శ్రీవాణి గబుక్కున ఆశ కేసి చూసింది.

"కదిలింది ముద్ర కాదు ఫయాజ్ గారూ, మీ చూపు" అంది ఆశ గంభీరంగా. "గొప్ప కళ లక్షణమే అది."

ఫయాజ్ తల పంకించాడు. గొప్ప కళ అన్నాక అతను మాత్రం ఏం చేస్తాడు?

ఇంతలో నీలం గుడ్డ పట్టుకుని మల్లీశ్వరి జనం మధ్యలోంచి దూరింది. కడప మనిషి. ఆ హాలు ఊడ్చి, ఫ్రేముల అద్దాలు తుడిచే డ్యూటీ ఆమెది.

"ఏయ్, ఆగు! తుడవొద్దు!" శ్రీవాణి అడ్డం పడింది.

"నేను తుడ్సల్లే మేడమ్. నాకు పోయే టైమైంది."

"అయితే వెళ్లు."

మల్లీశ్వరి వెళ్లలేదు. బొమ్మ కేసే చూస్తూ నిలబడింది. ఆశ కళ్లు మెరిశాయి.

"చూశారా, సామాన్యుల్ని కూడా కట్టి పడేసింది! ఏమ్మా, దాన్ని చూస్తుంటే నీకేమనిపిస్తోంది?"

"రూముకు పోవాలనిపిస్తాండాది మేడమ్."

"ఆహా! పరాయి దేశంలో ఉన్న ఆడదాని దిగులు!" ఆశ చటుక్కున పుస్తకం తీసి రాసుకుంది. "ఇంకా?"

"వ్యాను వచ్చింటాది. డ్రైవరు తిడతాడు."

అదీ రాసుకుంది ఆశ. తలా ఒక మాట అన్నారు. ఎవరో సూర్యాస్తమయం అన్నారు. ఎవరో ఫోన్లో చదవని మెసేజి అన్నారు. శ్రీవాణి అన్నిటికీ తలూపింది. అసలు సంగతి చెబితే పిచ్చిదంటారు, చెప్పకపోతే కళాకారిణి అంటారు. ఏది మేలో ఆమాత్రం తెలియదా?

"ఎట్లా తట్టింది మేడమ్ మీకు?" అడిగాడు ఫయాజ్.

"పదకొండు రోజులు ఆ నలుపునే చూస్తూ కూర్చున్నానండీ. పన్నెండో రోజు దానంతటదే వచ్చి కూర్చుంది."

అందులో చివరి ముక్క ఒక్కటే నిజం.

మల్లీశ్వరి మళ్లీ ముందుకు జరిగింది. శ్రీవాణి మోచేత్తో ఆపింది. ఇంకొక్క నిమిషం. ఈ మనిషి ఆ గుడ్డతో ఒక్క రుద్దు రుద్దిందంటే బేరం గోవిందా!

ఫయాజ్ గడ్డం గోక్కున్నాడు. వెనక్కి వెళ్లి చూశాడు. ముందుకొచ్చి చూశాడు.

"సాఫ్‌గా చెప్తా మేడమ్, ఏమనుకోవద్దు. అది లేకుంటే ఈ బొమ్మలో ఏం లేదు. అదుండబట్టే కొంటాండా. ఖాయం చేసుకోండి. రేపు మనిషిని పంపిస్తా."

శ్రీవాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడి మొహం ఎలా మారుతుందో ఇప్పుడే చూడాలనిపించింది. అందరి వైపూ తిరిగి చేతులు జోడించింది. హాలంతా చప్పట్లు.

దారి దొరికిందే చాలని మల్లీశ్వరి గబగబా బొమ్మ దగ్గరికి వెళ్లి, ఆ ఎర్రముద్రను గోటితో ఊడదీసి, ఫ్రేము అద్దంలో మొహం చూసుకుంటూ కనుబొమ్మల మధ్య అంటించుకుంది.