తుమ్మచెట్టు దారి

అడవిలో చిన్నకుంట ఎండిపోయింది. ఇక పెద్దచెరువుకి పోక తప్పదు. మొన్నమొన్ననే రెక్కలొచ్చిన కూతురితో అంతదూరం ఎలాగా అని గోరింకకి బెంగ. అందుకే గద్దనడిగింది.

"అదెంతసేపు చెల్లెమ్మా! ఎండెక్కాక బయల్దేరు. రెక్క ఆడించే పనే లేదు, గాలే మోసుకుపోతుంది. ఇలా బయల్దేరితే అలా చేరతావు," అంది గద్ద.

ఎండెక్కాకే తల్లీకూతుళ్ళు బయల్దేరారు. గాలి వాళ్ళని మోయలేదు. రెక్కలు టపటపా కొట్టుకుంటూ పోవాల్సొచ్చింది. సగం దారిలో పిల్ల నోరు తెరుచుకుని బీడు నేలలో పడిపోయింది.

అక్కడ మేస్తున్న గేదె తలెత్తింది. "ఇంత ఎండలో పసిదాన్ని తీసుకొచ్చావేమే తల్లీ! అదిగో, ఆ తుమ్మచెట్టు కింద చెలమ ఉంది. నీళ్ళు తాగించి, చల్లబడ్డాక కదలండి. నేనెప్పుడు పోయినా అక్కడ ఆగే పోతాను," అంది.

పొద్దుగూకే వేళకి ఇద్దరూ చెరువు చేరారు. గట్టుమీద గద్ద నవ్వింది.

"ఇంతసేపేమిటి చెల్లెమ్మా?"

"తుమ్మచెట్టు దగ్గర ఆగాం అన్నా."

రోజూ ఆ దారినే తిరిగే గద్ద తెల్లబోయి చూసింది.

"ఆ దారిలో చెట్టుందా?"