వంగి చూసిన చంద్రుడు

బురుల్ వంగలేదు.

మామ ఎసెన్‌కుల్ గుడారంలోంచి బయటికొస్తే కోడలు చేతులు గుండెకు చేర్చి, నడుము వంచి దండం పెట్టాలి. కిర్గిజుల ఇళ్ళలో తాతల నాటి రివాజది. ఆ సాయంత్రం మాత్రం ఆమె కర్రలా నిలబడింది. వేసవి అయిపోవస్తోంది, దిగువన బడి తెరుస్తారు. తన పంతులమ్మ పనికి తనను పంపేదాకా నడుము వంగదని తెగేసి చెప్పింది.

ఎసెన్‌కుల్ కోపం తెచ్చుకోలేదు. సోన్‌కుల్ సరస్సు అవతలి అంచున అప్పుడే లేస్తున్న పున్నమి చంద్రుణ్ణి చూపించాడు. రొట్టెల పళ్ళెమంత ఉన్నాడు చంద్రుడు.

"చూడమ్మాయ్. గడప దగ్గరున్నంతసేపే ఆ దర్జా. పైకి ఎగబాకేసరికి చిన్నబోతాడు. గడప దాటిన ఆడదీ అంతే. పెళ్ళైన కొత్తలో మీ అత్త కూడా కొముజ్ వాయించడానికి పట్నం పోతానని గంతులేసింది. ఇదే చూపించాను. ఆనాటి నుంచీ కుక్కిన పేనులా పడుంది."

అత్త సాల్కిన్ పక్కనే తోలుసంచిలో గుర్రప్పాలు చిలుకుతోంది. తల ఎత్తలేదు.

"అంచున ఉన్నా, నడినెత్తిన ఉన్నా చంద్రుడు ఒకటే మామయ్యా. మోసం మన కంటిది. వెనక్కి తిరిగి, వంగి, కాళ్ళ సందులోంచి చూడండి. ఇప్పుడే, అక్కడే చిన్నగా కనిపిస్తాడు. అలా కనిపిస్తే నన్ను బడికి పంపండి. కనిపించకపోతే బడి మాట ఎత్తను, రోజూ వంగుతాను."

చుట్టుపక్కల గుడారాల వాళ్ళు పోగయ్యారు. ఇక వెనక్కి తగ్గితే పరువు దక్కదు. మగవాడి టోపీ నేలకు తగిలితే అరిష్టం కాబట్టి, తన పొడుగాటి తెల్ల టోపీ తీసి పెళ్ళాం చేతికిచ్చాడు ఎసెన్‌కుల్. ఎవరి ముందూ వంగని మనిషి వంగాడు. చూస్తూనే ఉలిక్కిపడ్డాడు. బురుల్ అది కనిపెట్టింది.

లేచి గడ్డం సవరించుకుని, "ఏం మారలేదు, అంతే ఉన్నాడు," అన్నాడు.

అబద్ధం! బురుల్‌కు ఒళ్ళు మండింది. కానీ పెద్దాయన మాట అబద్ధమని అనేవాళ్ళు ఆ గుంపులో ఎవరున్నారు? అయినా ఆమె తల దించలేదు.

సాల్కిన్ టోపీని తిరిగి మొగుడి నెత్తిన పెట్టింది. సరస్సు వైపు వీపు పెట్టి, మోకాళ్ళు పట్టుకుని తానూ వంగింది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. లేచాక గుడారంలోకి వెళ్ళి, దుమ్ము పట్టిన కొముజ్ పట్టుకొచ్చింది.

"అమ్మాయ్, రెండు గుర్రాలకు జీను వెయ్యి," అంది.